వెంట వచ్చిన మనిషి

"మళ్ళీ ఒకసారి చెప్పండి. జబ్బు ఎవరికి?"

"నీకు."

"మీరెవరు?"

"నీ మొగుణ్ణి. ఇది కూడా కొత్తగా నేర్పాలా?"

"వేళాకోళం కాదు. లోపలికి పిలిస్తే ఏమంటారు?"

"పిలవరన్నావుగా."

"ఒకవేళ పిలిస్తే అంటున్నా."

"వెంట వచ్చానంటాను. బస్సు డ్రైవర్నని చెప్పను. డిపో మాట ఎత్తను. చాలా?"

"చాలు. ఆ నల్ల కళ్ళజోడు మాత్రం తీయకండి. కళ్ళు చూపించుకోడానికి వచ్చామనుకోవాలి చూసినవాళ్ళు."

కంటి ఆసుపత్రి వెనకవైపు, స్టోర్‌రూమ్ పక్కన బెంచీ మీద కూర్చుని ఆలుమగలు గుసగుసలాడుకుంటున్నారు. ఎదురుగా మూసి ఉన్న తలుపు వెనక మానసిక వైద్యుడున్నాడు. ఊరు మొత్తానికి ఆయనొక్కడే, ఆయనా ఈ ఊరివాడు కాదు. ఎప్పుడో ఒక ఆదివారం రైలు దిగి, సాయంత్రానికి మళ్ళీ రైలెక్కుతాడు.

"ఇక్కడ అందరూ నల్ల కళ్ళజోళ్ళే. ఆ మూలాయన్ని చూడు, ఒక కన్ను గుడ్డతో మూసుకున్నాడు. ఇందాక వచ్చినప్పుడు రెండో కన్ను మూసుకుని ఉన్నాడు."

"నవ్వించకండి."

"నవ్వవే. నువ్వు నవ్వి చాన్నాళ్ళైంది."

"నవ్వేవాళ్ళకి లోపల మందివ్వరు. ఎన్ని గడపలు తొక్కితే దొరికిందో ఈ బెంచీ! ఒక డాక్టరు బలానికి మందు సీసా రాసిచ్చాడు. ఇంకొకాయన పొద్దున్నే లేచి నడవమన్నాడు."

"నడిచానుగా."

"నడిచారు. వెళ్ళిన మనిషి మధ్యాహ్నం దాకా రాలేదు. నేను వీధులన్నీ తిరిగాను. పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు గదికి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కే తెలీదు."

"ఇంటికి పోదాం పద. రేపు డ్యూటీ ఎక్కాలి. జ్వరం, జ్వరం అని ఇంకెన్నాళ్ళు చెప్తాను?"

"కూర్చోండి ముందు. మొన్న మీరన్న మాట నా చెవుల్లోంచి పోవట్లేదు."

"ఏదో అలసటలో అన్నాను."

"అలసిపోయినవాళ్ళు కాళ్ళు పీకుతున్నాయంటారు. పడుకుంటే మళ్ళీ లేవకూడదు అని ఎవరంటారండీ? వంతెన రాగానే చేతులు వాటంతట అవే స్టీరింగ్ తిప్పేస్తాయేమోనని ఎవరంటారు? వెనకాల అంతమంది జనాన్ని..."

"గట్టిగా అనకు."

"పోనీ మీ పేరు మీదే చూపించుకుందాం. ఏమైతే అదవుతుంది. ఆఖరిసారి అడుగుతున్నా."

"మా డిపోలో ఆ పొడుగు డ్రైవరు సంగతి తెలిసే అంటున్నావా? ఇలాంటి డాక్టరు గదిలోంచి బయటికొస్తుంటే ఎవరో చూశారు, అంతే. స్టీరింగ్ లాగేసుకున్నారు. ఇప్పుడు బస్సులు కడుగుతున్నాడు. పేరుపెట్టి పిలిచే నాథుడు లేడు, పిచ్చాయన అంటారు. వాళ్ళ పిల్లలు బడికి పోతే పిచ్చాయన పిల్లలట."

"సరే. సరే. జబ్బు నాకే. మాత్రలు నా దగ్గరే ఉంటాయి. రోజూ రాత్రి అన్నం తిన్నాక నా చేత్తో ఒకటిస్తాను, నా ఎదురుగా మింగాలి."

"నా చేతికివ్వవా? అంత నమ్మకం లేదా నా మీద?"

"ఈ ఒక్క విషయంలో లేదు."

"అంత మొహం మీద అంటావేమే!"

"మీ మొహం మీద కాకపోతే ఎవరి మొహం మీద అనను? మీ పిల్లలకి నాన్న కావాలండీ. నాకు... సరే, నా మాట వదిలేయండి. అదిగో, తలుపు తీస్తున్నారు."

"తర్వాత ఎవరమ్మా? మీరేనా? రండి. ఒక్కరే రండి."

పిలిచింది డాక్టరే. ఆమె లోపలికి వెళ్ళింది. డాక్టరు చేతిగడియారం విప్పి ఎదురుగా బల్లమీద పెట్టుకున్నాడు.

"కూర్చోండి. త్వరగా చెప్పాలి, నాకు రైలుంది. ఏమిటి బాధ?"

"నిద్ర పట్టదండీ. పట్టినా తెల్లవారకుండానే మెలకువ. తిండి మీద ధ్యాస లేదు. పిల్లలు పిలిస్తే పలకరు."

"ఎవరు పలకరు?"

"నేనేనండీ. నేను పలకను."

"పనికి వెళ్తున్నారా?"

"సెలవు పెట్టారు... పెట్టానండీ."

"ఏం పని?"

"కుట్టుపని."

"కుట్టుపనికి సెలవేమిటి?"

"షాపులో కుడతానండీ. ఓనరుంటాడు."

"ఊఁ. భయాలేమైనా ఉన్నాయా?"

"వంతెనంటే భయం. అది దగ్గరికొచ్చేసరికి చేతులు చల్లబడిపోతాయి. వెనకాల అంతమంది కూర్చుని ఉంటారు కదా..."

"ఎక్కడ కూర్చుని ఉంటారు?"

"బస్సులోనండీ. బస్సులో పోతుంటే."

"వెనక సీట్లో వాళ్ళతో మీకేమిటి? మిమ్మల్నే చూస్తున్నారనిపిస్తుందా?"

"ఆ... అలాగే అనుకోండి."

"నేననుకుంటే లాభం లేదమ్మా. మీకనిపిస్తుందా, లేదా?"

"అనిపిస్తుందండీ."

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉండేదా?"

"మా మామగారి తమ్ముడికి ఉండేదండీ."

"అత్తవారి సంగతి కాదు. మీ వైపు, మీ రక్తసంబంధంలో."

"మా వైపు ఎవరికీ లేదండీ. మావాళ్ళంతా గుండ్రాళ్ళలా ఉంటారు."

"చనిపోవాలనిపిస్తుందా?"

"ఎవరికండీ, నాకా?"

"సిగ్గుపడకండి. అందరినీ అడిగేదే."

"అవునంటే గట్టి మందిస్తారా?"

"అదేం మాట! ఉన్నదున్నట్టు చెప్తే సరైన మందిస్తాను."

"అయితే అవునండీ. పడుకుంటే మళ్ళీ లేవకూడదనిపిస్తుంది."

"ఎవరితోనైనా అన్నారా ఈ మాట?"

"అన్నారు. నాతోనే... అంటే, నాలో నేనే అనుకున్నాను."

"ఏడవకండి. ఏడవకండమ్మా. మీలాంటివాళ్ళు చాలామంది బాగయ్యారు. మందు పనిచెయ్యడానికి కొంచెం టైము పడుతుంది, మధ్యలో మానకూడదు."

"మాననివ్వనండీ. మీరు మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"వస్తానో రానో కూడా చెప్పలేను. కంటి డాక్టరుగారికి ఈ గది కావాలిట. ఇంకెక్కడ అడిగినా, మీ పేషెంట్లొస్తే మా పేషెంట్లు రారండీ అంటున్నారు. ఈ మాత్రలు ఈ ఊళ్ళో దొరకవు. అందుకని చాలాకాలానికి సరిపడా నా దగ్గరున్నవే ఇస్తున్నాను."

"మీ మేలు మరిచిపోనండీ. ఇలా ఇవ్వండి."

"మీకు కాదు. వెంట ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండీ."

"బయట పక్కన కూర్చున్న కళ్ళజోడు ఆయన?"

"ఆయన కళ్ళకొచ్చారండీ."

"ఇందాక తలుపు తీసినప్పుడు మీ సీసాలో నీళ్ళు తాగుతుంటే చూశాను. కళ్ళకొచ్చినవాళ్ళు పక్కవాళ్ళ సీసా ఎత్తి తాగరమ్మా."

"మా ఆడపడుచుని తీసుకొస్తానండీ. పక్క వీధే. పరుగున పోయి పరుగున వస్తాను."

"రైలుందన్నానా! చావుమాట నోటివెంట వచ్చిన మనిషి చేతికి నేను మందివ్వను. ఒకప్పుడు ఇచ్చాను. ఆ అమ్మాయి లేదిప్పుడు. అప్పట్నుంచి వెంట వచ్చినవాళ్ళకే ఇస్తాను, అది నా పద్ధతి. ఏమండీ, కళ్ళజోడు ఆయనా! లోపలికి రండి."

"వద్దండీ, ఆయన్ని పిలవకండి..."

"నన్నేనా?"

"మిమ్మల్నే. ఈమెకి మీరేమవుతారు?"

"భర్తనండీ. వెంట వచ్చాను."

"అయితే జాగ్రత్తగా వినండి. మీ ఆవిణ్ణి ఒంటరిగా వదలొద్దు. ఈ మాత్రలు తాళంవేసి పెట్టండి, తాళంచెవి మీ జేబులో ఉండాలి. ఎక్కడ పెట్టారో ఈమెకి తెలియకూడదు. అడిగినా చెప్పొద్దు, ఏడ్చినా చెప్పొద్దు. రోజుకి ఒకటి, మీ చేత్తో. అంతకు మించితే ప్రాణం మీదికొస్తుంది."

"మించితే, ప్రాణం మీదికి."

"అవును. అందుకే ఇంతగా చెప్తున్నాను."

"అర్థమైందండీ."

"డాక్టరుగారూ, ఆయనకివ్వకండి! మీకు దణ్ణం పెడతాను. జబ్బు నాది కాదండీ. ఆయనది."

"ఏమిటీ?"

"నిద్ర పట్టనిది ఆయనకి. లేవకూడదన్నది ఆయన. ఆయన బస్సు డ్రైవరండీ, ఆ వంతెన మీద బండి నడిపేది ఆయనే. డిపోలో తెలిస్తే ఉద్యోగం పోతుందని నాకే జబ్బని చెప్పాను. ఇంతసేపూ నేను చెప్పినవన్నీ ఆయన మాటలే."

"లేవండమ్మా, కాళ్ళు వదలండి. ఇందాక వెంట ఎవరూ రాలేదన్నారు. ఈయన కళ్ళకొచ్చాడన్నారు. కుట్టుపనన్నారు."

"అన్నీ అబద్ధాలేనండీ."

"మరి ఇప్పుడు చెప్పేది?"

"నిజం. నా పిల్లల మీద ఒట్టు."

"చూడమ్మా, జబ్బు ముదిరినప్పుడు ఇంట్లోవాళ్ళ మీదికే పోతుంది మనసు. నాకు కాదు, వాళ్ళకే బాలేదంటారు. వీళ్ళ చేతికి మందివ్వొద్దంటారు. అది మీ తప్పు కాదు."

"అయ్యో, నేనెలా చెప్తే నమ్ముతారండీ! ఏవండీ, మీరు చెప్పండి. ఉద్యోగం పోతే పోయింది. బస్సులు కడుక్కుందాం, నేనూ వచ్చి కడుగుతాను. పిచ్చాయన పెళ్ళాం అంటే అననీ, పలుకుతాను. ఒక్క మాట చెప్పండి. అటు కాదు, ఇటు నా వంక చూడండి."

"ఆగమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి. ఏమయ్యా, ఈవిడన్నది నిజమేనా? నిజమైతే సిగ్గుపడకు. ఇదిగో, గడియారం తీసి పక్కన పెట్టేస్తున్నాను. రైలు పోతే పోనీ, కూర్చో, మాట్లాడుకుందాం. చెప్పు."

"నాకేమండీ, నిక్షేపంగా ఉన్నాను. మీకు రైలు టైమవుతోంది, ఆ మాత్రలు ఇలా ఇచ్చేయండి."