మెకానిక్కు దారిలో ఉన్నారు

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ నడుమ లిఫ్టు ఆగి ఉంది. లోపల ఇద్దరే. ఒకరు ఏడేళ్లుగా ఆ లిఫ్టును కనిపెట్టుకుని ఉంటున్న ముసలి మెకానిక్కు. రెండోవారు ఏడో అంతస్తులో కాపురముండే అతని చెల్లెలి భర్త, రిటైరైన గుమాస్తా.

"అది కాదు బావా నేననేది. ఆ ముగ్గురు వ్యోమగాములూ వారం రోజులకని రాకెట్టెక్కారు. ఇప్పటికి ఐదో నెల. పైన అట్లా తేలుతూనే ఉన్నారు. దించే నాథుడు లేడు."

"మనల్ని దించే నాథుడు ఎవరో ముందు అది చూడండి బావగారూ."

"నువ్వే కదా."

"అదే నా భయం కూడా."

"ఏమైందంటావు దీనికి?"

"తలుపు సరిగ్గా పడలేదనుకుంటోంది."

"పడిందిగా."

"పడింది. అది అనుకోవట్లేదు."

"మా ఆఫీసులో పైఅధికారి ఇలాగే ఉండేవాడు. ఫైలు బల్ల మీదే ఉన్నా రాలేదనేవాడు. సరే, ఈ గంట బొమ్మ ఉన్న బటన్ నొక్కుతున్నా."

"వద్దులెండి."

"ఆపదలో నొక్కమని రాసిపెట్టి, వద్దులెండి ఏమిటి? నొక్కేశాను. ఇదిగో, నీ జేబులో ఫోను మోగుతోంది."

"మోగుతుంది."

"తియ్యి మరి. ఎవరో ఏమో."

"మీరే."

"నేనేంటి?"

"ఆ బటన్ నొక్కితే నా ఫోనుకే వస్తుంది. ఆపదొస్తే మెకానిక్కుకే కదా తెలియాలి. నేనే అలా పెట్టాను."

"మెకానిక్కే లోపలుంటే?"

"అంతదాకా ఆలోచించలేదు. మూడో తరగతి బుర్ర."

"ఆగు, గోడలోంచి ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది."

"రికార్డింగులెండి. 'దయచేసి కంగారు పడకండి. మీ మెకానిక్కు దారిలో ఉన్నారు' అంటుంది."

"ఎంతదాకా వచ్చాడో కనుక్కో."

"నవ్వండి, నవ్వండి. నేను చదివింది మూడు. నాలుగులోకి పోలేదు. నా లిఫ్టు కూడా మూడుకీ నాలుగుకీ నడుమే చిక్కుకుంది. పెంచినవాడి బుద్ధులు ఎక్కడికి పోతాయి."

"ఇవాళే ఆగాలా ఇది? పదిన్నరకి కింద హాల్లో అపార్టుమెంటువాళ్ళ మీటింగు. పదకొండుకి ఓట్లు ముగించేస్తారు. నిన్నే ఉంచుతారో, ఎక్కడో వేరే ఊళ్ళో కూర్చుని మీట నొక్కి లిఫ్టులు బాగుచేస్తామనే ఆ కంపెనీకి అప్పగిస్తారో తేలేది ఇవాళే. నువ్వు చూస్తే గోడకి చేరగిలబడి ఇంత నింపాదిగా ఉన్నావు."

"కంగారు పడొద్దందిగా ఆవిడ."

"టైమెంతయింది?"

"పదీ ముప్పై ఎనిమిది."

"గడియారం చూడకుండానే చెప్పేశావే."

"ఇప్పుడే చూశా. మీరేమో పైకి చూస్తున్నారు."

"పైన ఆ ముగ్గురి సంగతే ఆలోచిస్తున్నా. వాళ్ళ క్యాబిన్ కూడా ఇంతేనట. ఇంతకన్నా రవ్వంత పెద్దది."

"ఇద్దరు ముసలాళ్ళు చేతికర్రలతో పట్టేంత?"

"నాకు కర్ర లేదు."

"రేపు మెట్లెక్కి వెళ్ళాల్సొస్తే కొనుక్కుంటారు."

"ఎందుకెక్కుతాను మెట్లు? ఆ కంపెనీ వచ్చిందనుకో..."

"అదీ, అక్కడికే వస్తారు మీరు. నాకు తెలుసు."

"ఎక్కడికొచ్చాను? ఉన్నమాట చెబుతున్నా. గ్రహాలన్నీ దాటిపోయిన నౌక ఒకటి ఉంది. నా పెళ్ళినాటికే పంపారు దాన్ని. మధ్యలో దానికి మతి తప్పింది. పిచ్చి పిచ్చి అంకెలు పంపేది. ఇక్కణ్ణుంచి ఒక మాట పంపితే అక్కడికి చేరడానికే ఒక రోజు పడుతుంది. అయినా సరే, ఇక్కడ కుర్చీలో కూర్చుని దాన్ని బాగుచేశారు. అంత దూరానున్నదాన్ని బాగుచేసినవాళ్ళు ఏడంతస్తుల లిఫ్టుని బాగుచెయ్యలేరా?"

"దాని దగ్గరకి మెట్లు లేవు బావగారూ. ఉండుంటే ఎవడో ఒకడు స్క్రూడ్రైవరు పట్టుకుని పోయేవాడే."

"ఏమో. పేపర్లో మాత్రం అలా రాయలేదు."

"ఆ నౌకకి మతి తప్పితే అంకెలు పంపింది. ఈ లిఫ్టుకి ఒంట్లో బాగోకపోతే అంకెలు పంపదు. గోడకి చెవి ఆనిస్తే పిల్లి గురకలాగ వినబడుతుంది. ఆ గురక రెండు రకాలు. ఒకటి నూనె కోసం, ఒకటి తాడు కోసం. వేరే ఊళ్ళో ఉన్నవాడు ఏ గోడకి ఆనిస్తాడు చెవి?"

"మైకు పెడతాడు."

"మీ అందరికీ ప్రతిదానికీ ఒక జవాబుంటుంది. నాకేమో ఇంకో లిఫ్టు లేదు. అరవై ఏడేళ్ళవాణ్ణి, మూడో తరగతివాణ్ణి, కొత్త లిఫ్టు ముట్టుకోనిచ్చేవాడెవడు? ఇది పోతే ఇంట్లో కూర్చుని పైకీ కిందికీ నేను తిరగాలి."

"అలా డీలా పడకు బావా. లోకం ముందుకి పోతోంది."

"లోకం పోతోంది. మనమే ఆగాం."

"అదిసరే. బావా..."

"చెప్పండి."

"పైన వాళ్ళకి ఒంటికి వస్తే ఎలాగో తెలుసా?"

"ఇప్పుడెందుకా సంగతి?"

"ఊరికే. ఒక గొట్టం ఉంటుందట. పీల్చేస్తుందట. ఆ నీళ్ళే శుద్ధి చేసి మళ్ళీ తాగుతారట."

"మీరు నీళ్ళ మాట ఎందుకెత్తారో చెప్పండి."

"పొద్దున లేవగానే చెంబుడు తాగమన్నాడు డాక్టరు. నేను రెండు తాగాను. ఆయన చెప్పిందానికన్నా మంచిదని."

"అయ్యో బావగారూ."

"ఇప్పుడేం ఫరవాలేదు. ఒక పది నిమిషాలు ఆగగలను. మీ చెల్లెలికి ఫోను చెయ్యి, నా ఫోను పైనే ఉండిపోయింది."

"చేశాను. మెట్లు దిగి వస్తోంది. వినబడుతోందిగా చెప్పుల చప్పుడు."

"ఏమండీ. లోపల బాగానే ఉన్నారా? అన్నయ్యా?"

"బాగానే ఉన్నామమ్మా. తలుపు సందులోంచి మాట్లాడు, వినబడుతుంది."

"ఏమే, కింద హాల్లో చెప్పి రా. మనుషుల్ని పిలుచుకురా."

"వద్దు. హాల్లో చెప్పొద్దమ్మా. ఓటింగు రోజున మెకానిక్కే లిఫ్టులో ఇరుక్కున్నాడంటే ఇంకేమైనా ఉందా."

"మరి కంపెనీవాళ్ళకి చెయ్యనా అన్నయ్యా? నెల రోజులు చూసుకోండని పైన వాళ్ళ పెట్టె బిగించి వెళ్ళారుగా. అక్కణ్ణుంచే కదిలిస్తామన్నారు. గోడ మీద నంబరుంది."

"చెయ్యి, చెయ్యి, వెంటనే చెయ్యి."

"బావగారూ, వాళ్ళకి చేస్తే నా పని అయిపోయినట్టే."

"నీ పని సంగతి తర్వాత. నా పని ఇక్కడే అయిపోయేట్టుంది."

"ఏమండీ, ఎత్తారు. మనిషి కాదు, యంత్రం. ఒకటి నొక్కమంది, నొక్కాను. మూడు నొక్కమంది, నొక్కాను. ఇప్పుడేమో, లోపలున్నవాళ్ళ సమ్మతి కావాలంటోంది."

"దేనికి సమ్మతి?"

"లోపల కెమెరా తెరవడానికీ, మిమ్మల్ని కదిలించడానికీ. కొత్త చట్టమట. మనిషి ఒప్పుకోకుండా అతని సంగతులేవీ ముట్టుకోకూడదట. పధ్నాలుగు పేజీలు పంపింది ఫోనుకి. అంతా చదివి వినిపించి, చివర ఒప్పుకున్నామని నొక్కాలట."

"పధ్నాలుగు?"

"ఆ చట్టం రావాలని పేపరుకి ఉత్తరాలు రాసింది మీరే కదా బావగారూ. నాకు చదివి కూడా వినిపించారు. 'సమ్మతి లేకుండా పరాయివాడు నా గడప తొక్కరాదు' అని."

"రాశాను. మూడు ఉత్తరాలు రాశాను. రెండు వేసుకున్నారు. ఇప్పుడు నా గడప ఎవడైనా తొక్కితే బావుణ్ణు. ఏమే, చదవడం మొదలుపెట్టు, తొందరగా."

"అక్షరాలు చీమల్లా ఉన్నాయండీ. కళ్ళద్దాలు పైనే ఉన్నాయి."

"ఏడో అంతస్తులోనా?"

"మరెక్కడుంటాయి? వెళ్ళి తెస్తాను. ఓపిక పట్టండి."

"ఓపికనే పట్టుకునున్నానే. ఇంకేదీ పట్టుకోవడం నా వల్ల కావట్లేదు."

"వెళ్ళిపోయింది. కూర్చోండి బావగారూ."

"కూర్చుంటే ఇంకా కష్టం. టైమెంత?"

"పది నలభై తొమ్మిది."

"అబ్బ. నిలబడే గొంతుక్కూర్చున్నట్టుంది నాకు. ఇంకేదైనా మాట్లాడు. నీళ్ళది కాకుండా."

"ఏం మాట్లాడను? నాకు మాటలు రావుగా."

"పిల్లలకి పదహారేళ్ళదాకా ఫోన్లలో ఆ సోషల్ మీడియా ముచ్చట్లు బంద్ చేస్తారట. దాని మీద నీ అభిప్రాయం చెప్పు."

"నాకు అభిప్రాయాల్లేవు. మీవి విని విని నావి మర్చిపోయాను."

"నన్నడిగితే అరవై దాటినవాళ్ళకి కూడా బంద్ చెయ్యాలి. నాలాంటివాడు పొద్దున లేచి ఆ అంతరిక్షం సంగతులు చదవకపోతే, ఇవాళ ఆ గొట్టం గురించి తెలిసేది కాదు. తెలియకపోతే ఇంత గుర్తొచ్చేది కాదు. బావా, నవ్వకు. నిజంగా అంటున్నా. నా వల్ల కాదు. అరవయ్యారేళ్ళ మనిషిని, మనవలున్నవాణ్ణి, ఈ లిఫ్టులో... నీ లిఫ్టులో బావా..."

"ఏడుస్తున్నారా?"

"లేదు. అది కూడా నీళ్ళే. ఎటో అటు పోవాలిగా."

"బావగారూ."

"ఊ."

"కాస్త పక్కకి జరగండి."

"ఎందుకు?"

"మీ మోకాలి వెనక చిన్న పెట్టె ఉంది. దాని తాళంచెవి నా దగ్గరుంది."

"తాళంచెవి ఉంటే ఇంతసేపూ..."

"లోపల ఒక స్విచ్చి ఉంది. నాలుగో అంతస్తు దాటగానే నేనే కిందికి లాగాను. మీరు పైకి చూస్తూ ఆ ముగ్గురి గురించి చెబుతున్నారు."

"నువ్వా?"

"నేనే."

"కావాలనా?"

"పదకొండుదాకా మిమ్మల్ని ఆపుదామనుకున్నా. మీ ఓటొక్కటీ కంపెనీకి పడకుండా. మీరు పొద్దున్నించీ ఆ నౌక గురించే అంటున్నారు. హాల్లో కూడా అది చెబితే, వినేవాళ్ళందరూ అటే వేస్తారు. మీరు చెబితే నమ్మేస్తారు బావగారూ. నేనే సగం నమ్మాను."

"నా బావవై ఉండి."

"బుద్ధి గడ్డి తింది. ఏడేళ్ళలో దీన్ని ఒక్క నిమిషం కూడా ఆగనివ్వలేదు. చేతులారా నేనే ఆపాను. సిగ్గుగా ఉంది. ఇదిగో, స్విచ్చి ఎత్తేస్తున్నా. పది నిమిషాలున్నాయి ఇంకా. కింద దిగగానే మీ పని చూసుకుని, హాల్లోకి వెళ్ళి, ఎవరికి వెయ్యాలనుకుంటే వాళ్ళకి వెయ్యండి. నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ, పైకి అనను."

"ఆగు. ఒక్క నిమిషం ఆగు."

"మీరు ఆగలేరుగా."

"ఇది చెప్పేదాకా ఆగగలను. నా ఓటు అయిపోయింది."

"అయిపోవడమేంటి?"

"ఈసారి ఫోనులో కూడా వెయ్యొచ్చన్నారు. పొద్దున ఆరింటికే వేసేశాను, ఆ రెండో చెంబు తాగుతూ."

"మరి కిందికి ఎందుకు బయల్దేరారు?"

"నువ్వు గెలిస్తే మొహం ఎట్లా పెడతావో చూద్దామని."

"నేనా?"

"నీకే వేశాను బావా."

"ఆ నౌకో?"

"నౌక నౌకే. అభిప్రాయాలు పేపర్లో వార్తల మీద. నేనెక్కే లిఫ్టు మీద కాదు. ఓటుతోపాటు నాలుగు ముక్కలు కూడా రాశాను. అందరి ఫోన్లలోనూ కనబడుతుంది అది. 'ఏడేళ్ళలో ఈ లిఫ్టు ఒక్కసారి ఆగితే చూపించండి, నా ఓటు మార్చుకుంటాను' అని."

"బావగారూ."

"స్విచ్చి ఎత్తు ముందు."

"అన్నయ్యా, ఏమండీ, కళ్ళద్దాలు తెచ్చాను గానీ ఇంతలో హాల్లోంచి ప్రెసిడెంటు గారు ఫోను చేశారు. ఈయన రాసింది పైకి చదివి వినిపించారట. అందరూ సరేనన్నారట, ఓటు వేసేముందు ఒకసారి ఎక్కి చూద్దామని మొత్తం ముప్పై మందీ వచ్చి కింద లిఫ్టు ముందు నిలబడి, పది నిమిషాల నుంచీ బటన్ నొక్కుతున్నారట."