ఉరుకుందు బండికి రెండో ఏసీ

ఉరుకుందు అని ఉండె, ఆదోనిలో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని చేస్తాండె. ఆయప్ప పెండ్లాము తిమ్మక్క మా ఊరి పిల్లే, మా ఇంటి ఎనకల సందులో పుట్టి పెరిగింది. అందుకే ఈ కత నాకు ఆయమ్మ నోట రోంత, ఆయప్ప నోట రోంత తెలిసింది. కడాకు జరిగింది మాత్రం నేను చూసిందే. శనక్కాయలు ఒలుస్తా ఇనండి, చేతులు నిలపొద్దండి. ఏమైందంటే, ఇస్కూలోళ్ళు తీసేసిన పాత బస్సు ఒగటి ఈ ఉరుకుందు కొన్న్యాడు. కొని, మొగుడూ పెండ్లాము ఇద్దరే ఆర్నెల్లు కష్టపడి దాన్ని ఇల్లు మాదిరి చేసినారంట. సినిమావోళ్ళకు ఉంటాయి చూడు, కారవాన్ అంటారు, లోపలే మంచము, అద్దము, నీళ్ళకొళాయి, అన్నీ ఉంటాయి. ముందర ఒగ గది, ఎనకల ఒగ గది. ముందర గదికి పైకప్పు మీద ఏసీ పెట్టిచ్చినాడు. మన తట్టు గుట్టల్లో సినిమాలు తీసేకి వస్తాంటారు గదా, వాళ్ళకు బండి బాడుగకు ఇచ్చేది. ఆయప్ప బండి తోలేది, జనరేటరు చూసుకునేది. ఆయమ్మ బండి కడిగేది, వాళ్ళ మనుషులకు టీ కాసేది, ఉప్పిండి చేసేది. పొద్దుగూకితే బండి కిందనే చాప పరుసుకుని పండుకునేది. లోపల మంచాలు ఉండాయి గదా అంటారేమో, అవి బాడుగకొచ్చినోళ్ళకమ్మా, వీళ్ళకు కాదు.

ఒగ ఎండాకాలం పెద్ద సినిమావోళ్ళు వచ్చినారు. నెలన్నర మన గుట్టల్లోనే తీస్తారంట. వాళ్ళ మేనేజరు బండంతా తిరిగి చూసి, బండి బాగుంది గానీ వెనక గదికి కూడా ఏసీ ఉండాలయ్యా, సోమవారానికి పెట్టగలిగితే నీ బండే మాట్లాడుకుంటాం, లేదంటే హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటాం అన్నాడంట. ఏసీ అయితే దొరికింది గానీ బిగించేటోళ్ళు పట్నం నుంచి రావల్ల, వారం పడతాదన్నారు. ఉరుకుందు ఏమనుకున్నాడంటే, బస్సులకు కప్పులు కట్టేటోణ్ణి నేను, దీనికి బొక్క కోసేకి ఇంగొగడు ఏంటికి అని. సరే, శనివారం పొద్దున్నే కప్పు ఎక్కినాడు. మే నెల అనుకో, రేకు మీద మోకాలు పెడితే చర్మం ఊడొస్తాది. గోనెసంచులు తడిపి పరుసుకుని కూచున్నాడంట. కప్పు లోపల అడ్డకమ్ములు ఉంటాయి, ఇంటికి వాసాలు ఉన్నట్ల. కమ్మి మీద కోసినామంటే కప్పు బలం పోతాది. అందుకని ఆయమ్మను లోపల నిలబెట్టినాడు. తిమ్మీ, కమ్ములు యాడ ఉండాయో చూసి సుత్తితో కొట్టు అనేది, ఈమె కింద నుంచి టక్కు టక్కు కొట్టేది, ఆయప్ప పైన చెవి పెట్టి ఇని సుద్దతో గీత గీసేది. అట్ల నాలుగు గీతలు గీసి, మిషను పెట్టి చదరంగా కోసినాడు. నిప్పురవ్వలు లోపల పడతాంటే మంచం కాలకుండా ఆయమ్మ తడిదుప్పటి పట్టుకుని నిలబడింది. ముక్క ఊడి కిందపడితే, ఆ బొక్కలో నుంచి ఒగరి మొగం ఒగరు చూసుకుని నగుకున్నారంట.

ఇంగ షెడ్డోళ్ళను నలుగుర్ని పిలిచి, తాళ్ళేసి ఏసీ పైకి లాగి, రబ్బరుపట్టీ మీద కూచోబెట్టినారు. లోపల నుంచి ఒగ ఇనుప చట్రం ఆనించి నాలుగు బోల్టులు బిగియ్యల్ల. ఒగ తట్టు ఎక్కువ బిగిస్తే ఇంగొగ తట్టు నుంచి వాననీళ్ళు కారతాయంట. ఆయమ్మ స్టూలెక్కి ఆ చట్రాన్ని రెండు చేతులతో నెత్తి మీద మోసింది. ఈయప్ప ఒగో బోల్టు కొంచెం కొంచెం తిప్పుకుంటా వచ్చినాడు. అయినాంక పైన పది బిందెల నీళ్ళు కుమ్మరిచ్చినారు. ఒగ చుక్క దిగలేదు. పని అంటే అట్ల చేసినాడు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవల్ల. అయితే ఏమైందంటే, జనరేటరు ఆన్ చేసి, ముందర గది ఏసీ పెట్టినాడు, తిరిగింది. ఎనకలది పెట్టినాడు, జనరేటరు గొంతులో ఏదో అడ్డం పడినట్ల దగ్గి నిలిచిపాయ. మల్ల ఏసినాడు, మల్ల నిలిచిపాయ. రెండింటినీ మోసే బలం దానికి లేదు. పెద్ద జనరేటరు తెచ్చే దోవా లేదు, తెల్లారితే ఆదివారం, అంగళ్ళు ఉండవు. అప్పుడు ఉరుకుందు ఏం చేసినాడంటే, డ్రైవరు సీటు ఎనకల ఒగ లివరు పెట్టినాడు. పైకి ఎత్తితే ముందర ఏసీ, కిందికి దించితే ఎనకల ఏసీ. ఒగటి తిరిగితే ఇంగొగటి తిరగదు. తిమ్మక్క చెప్పిందంట, ఉన్నమాట మేనేజరుకు చెప్పబ్బా, ఒప్పుకుంటే ఒప్పుకుంటారు, లేకుంటే లేదు అని. నీకు తెలీదు, గమ్మునుండు అన్నాడు. మేనేజరు వచ్చి రెండూ తిరుగుతాయా అంటే, తిరుగుతాయి సార్ అన్నాడు.

పదైదు రోజులు ఎవురికీ తెలీకుండానే జరిగింది. ముందర గదిలో పెద్ద హీరో, ఎనకల గదిలో మేకప్పోళ్ళు. హీరో బయటికి పోతే లివరు కిందికి, హీరో వస్తాంటే లివరు పైకి. మేకప్పోళ్ళు రోంత ఉడికినా, వాళ్ళ మాట అడిగేదెవరు. ఉరుకుందు పొద్దస్తమానం ఆ సీటు తావనే కావిలి. ఇట్లుండంగా ఒగనాడు, మిట్టమధ్యాన్నం, గుట్టరాళ్ళు కాలిన పెనం మాదిరి ఉండాయి. తిమ్మక్క బయట రేకు చాటున రెండు పొయ్యిలు పెట్టుకుని అరవైమందికి టీ కాస్తాంది. గిన్నె దించేతలికి కండ్లు తిరిగి పడింది. చెమట లేదంట, ఒళ్ళు పొయ్యి మాదిరి కాలుతాంది, మాట ముద్దముద్దగా వస్తాంది. ఎండదెబ్బ. మేకప్పు చేసే ఆడోళ్ళు ఇద్దరు మోసుకొచ్చి ఎనకల గదిలో మంచం మీద ఏసినారు. తడిగుడ్డలు కప్పినారు. ఆస్పత్రికి తీసకపోదామంటే ఉన్న రెండు కార్లూ ఊర్లోకి పోయినాయి, పోన్లు చేస్తాండారు. అంతలోపల సల్లగాలి తగలాల ఈమెకు, ఏసీ ఎయ్యండి అన్నారు ఆడోళ్ళు.

ఉరుకుందు లివరు మీద చెయ్యి పెట్టినాడు. ముందర గదిలో హీరో అప్పుడే అన్నం తిని పండుకున్న్యాడు. మేనేజరు వచ్చి, ఏంటయ్యా, వెనక ఏసీ వేయడానికి ఆలోచన ఏంటి అన్నాడు. రెండూ ఒగసారి తిరగవు సార్ అన్నాడంట ఉరుకుందు, మెల్లగా. మేనేజరు వాని మొగం చూసినాడు. అంటే ఇన్నాళ్ళూ అబద్ధమాడావా అన్నాడు. సరే, ఆ సంగతి తర్వాత చూస్తాను, సార్ ఇప్పుడే నిద్రపోయారు, పది నిమిషాల్లో షాట్‌కి లేపుతాం, అప్పటిదాకా ముట్టుకోకు అని చెప్పి పాయ. పాయ అంటే, అక్కడ నిలబడి కాపలా కూడా కాయలేదమ్మా. పోయి గొడుగు కింద కూచున్నాడు. లోపల నుంచి తిమ్మక్క గొంతు ఇనపడతాంది. గాలి, గాలి అంటాంది. ఎయ్యబ్బా అంటాంది. ఈయప్ప ఏమన్నాడో తెలుసునా, రోంత ఓర్చుకో తిమ్మీ, పది నిమిషాలే అన్నాడు. ఆయమ్మ మల్ల అడగలేదు. పది అయింది, ఇరవై అయింది. షాటు లేటు అనుకో, లేపలేదు. అర్ధగంటకు కారొచ్చింది. ఆడోళ్ళు మోసుకపోతాంటే ఆ అలికిడికి హీరో లేసి బయటికి వచ్చినాడు. ఏమైందని అడిగినాడు. చెప్పినారు. అంత పెద్దమనిషి మేనేజరు తట్టు తిరిగి, నన్ను లేపితే చెట్టు కింద కూర్చునేవాణ్ణి కదయ్యా, ఎవరూ ఎందుకు చెప్పలేదు అన్నాడు. ఉరుకుందు లివరు పట్టుకునే ఇన్న్యాడు ఆ మాట.

మనిషి బతికింది. వారం దినాలు ఆస్పత్రిలో ఉండె. కుడిచెయ్యి వణుకు మాత్రం పోలేదు, ఇప్పటికీ గలాసు నిండా నీళ్ళు పోసి ఇస్తే సగం ఒలికిపోతాయి. మూడో దినం మంచం మీద లేసి కూచుని మొగుణ్ణి ఒగటే అడిగిందంట. లివరు నీ చేతిలోనే ఉండె గదా అని. ఉండె అన్నాడు. మేనేజరు చేతిలో లేదు గదా అంది. లేదు అన్నాడు. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టింటే బాగుండు అని ఉరుకుందు నా తావ అన్న్యాడు ఒగసారి. సినిమావోళ్ళ సంగతి అంటారా, ఆయమ్మ ఆస్పత్రిలో ఉండంగానే, ఈ ఎండల్లో తియ్యలేమప్పా అని సర్దుకుని యాడో సల్లని కొండలకు ఎలబారిపోయినారు. బండి అక్కర లేదన్నారు. దేనికోసమని ఈయప్ప నోరు మూసుకున్నాడో, అది నాలుగు దినాలు గూడా నిలవలేదు.

తిమ్మక్క ఆస్పత్రి నుంచి ఆ బండి తావకు రాలేదు. తిన్నగా చెల్లెలింటికి పాయ. ఆదోని బస్టాండు ఎదురుగా అక్కాచెల్లెండ్లు బొరుగుల ఒగ్గాని, బజ్జీల హోటలు పెట్టినారు. పొయ్యి దగ్గర చెల్లెలు, ఈమె వడ్డిస్తాది. పోయిన ఏడాది కండ్ల ఆస్పత్రికి పోయి, ఆకలై ఆడికి పోయినా. నేను కూచున్న బల్ల మీదనే ఆ కొసన ఉరుకుందు వచ్చి కూచున్న్యాడు. మంచి అంగీ ఏసుకున్న్యాడు, గడ్డం గీసుకున్న్యాడు. తలకాయ దించుకుని కూచున్న్యాడు. తిమ్మక్క వచ్చింది. ముందర ప్లేటు పెట్టింది, నీళ్ళు పెట్టింది, రోంత ఒలికినాయి, గుడ్డతో తుడిచింది. తుడిచి, ఏం తెమ్మంటావన్నా అంది. అందర్నీ అడిగినట్లే అడిగింది. ఆయప్ప తలెత్తలేదు, ఒగ్గాని అన్న్యాడు. తిని లేచి పాయ. చెల్లెలేమో, పొద్దున్నుంచి నూరుమందిని అన్నా అన్నా అని పిలిచే నోరు గదా, పొరపాటున వచ్చింటాదిలే అవ్వా అంటాది. ఏమో అమ్మా. నాకు కండ్లు ఆనవు గానీ చెవులు బాగనే ఇనపడతాయి, ఆ మాటలో పొరపాటు నాకైతే ఇనపడలేదు.