పదకొండు రోజుల ఫీల్డర్

హలో… ఆఁ, నేనే, నెరేయో బాయెస్‌నే. ఎవరండీ?…

ఎవరూ?…

అబ్బో! డాన్ ప్లుతార్కో! మీరా! గొంతు పోల్చుకోలేకపోయా. మీరు అరుస్తుంటే వినడమే గానీ ఇంత మెల్లగా మాట్లాడ్డం ఎప్పుడు విన్నా గనక…

లేదు లేదు, చెప్పండి. ఖాళీగానే ఉన్నా. ఇప్పుడే కాఫీ పోసుకున్నా…

నా ఆరోగ్యమా? ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత నా ఆరోగ్యం అడుగుతున్నారా మీరు! బాగుంది. మోకాళ్లు కొత్తగానే ఉన్నాయి. పెద్దగా వాడనిస్తే కదా అరగడానికి…

సరే, విషయానికి రండి. మనవడి గురించేగా?…

అవును. ఆన్యెలోని చూసి రాసేది నేనే. బేస్‌బాల్ క్లబ్బులో ఉంచాలా, సంచీ సర్దించి ఇంటికి పంపాలా… ఆ, నా కాగితం మీదే ఉంది…

ఈ పని అడిగి మరీ వేయించుకున్నానా? లేదండీ. కావాలంటే మా అమ్మ సమాధి మీద ఒట్టేస్తా. లిస్టులో మీ అల్లుడు రూడెసిందో కొడుకు, ప్లుతార్కో మనవడు అని చూశాక వద్దనలేదు, అంతే. ఎందుకంటాను?

…

ఎవరు ఏడుస్తున్నది? వాడా, మీరా?… అనుకున్నా. వాడు ఏడ్చే రకం కాదు. చూశాగా.

…తెలుసండీ. నిన్నమొన్నటి దాకా షార్ట్‌స్టాప్. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య నిలబడితే చీమని కూడా పోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు వాడికంటే మంచివాడు దొరికాడని సెంటర్ ఫీల్డ్‌కి, బయట గడ్డిలోకి పంపారు. నాకు చెప్పాలా ఆ కథ?…

ఎన్ని రోజులు చూశానంటే… పదకొండు.

…చాలవా?

ఏమన్నారు? ఆగండి… ఆగండాగండి. స్పీకర్లో పెడుతున్నా. మా ఆవిడ మిరెయా ఇక్కడే అరటికాయలు చెక్కు తీస్తోంది, తనూ వినాలి. ఇప్పుడనండి. గట్టిగా…

ఊహూఁ. మొత్తం అనండి…

'లోపల ఆడేవాణ్ణి బయటికి మార్చాక పదకొండు రోజుల్లో ఏ మగాడూ తేల్చలేడు'. భేష్! విన్నావా మిరెయా?…

నవ్వడం లేదండీ. కత్తి కింద పడేసి పెరట్లోకి వెళ్లిపోయింది. పోనీలెండి, స్పీకర్ తీసేశా.

మరి నన్ను ఎన్ని రోజులు చూశారు డాన్ ప్లుతార్కో?…

మర్చిపోయారా! నేను మర్చిపోలేదే. పదకొండు. మీరు మేనేజరు. మీ అల్లుడు రూడెసిందోకి రెండో బేసు కావాలి, అక్కడ నేనున్నా. 'నెరేయో, రేపట్నించి నువ్వు సెంటర్ ఫీల్డ్' అన్నారు. సరే బాస్ అన్నా. పన్నెండో రోజు పొద్దున వచ్చేసరికి మేకుకి నా చొక్కా లేదు…

రేడియోలో మీరేమన్నారో అయినా గుర్తుందా? 'వాడికి కళ్లు లేవు. బంతి తల మీద నుంచి పోతుంటే వాడు ముందుకు పరిగెడతాడు'. ఊరు ఊరంతా నవ్వింది. మంగలి షాపులో నవ్వారు. మా మామగారూ నవ్వారు. మిరెయాకి ఏడో నెల. రేడియో పక్కనే కూచుని ఉంది…

అవును, ముందుకే పరిగెత్తా! పదేళ్లు లోపల, బేసుల దగ్గర ఆడిన కాలు ముందుకే పడుతుంది. అక్కడ బంతి నేల మీద వస్తుంది, మీదికెళ్లి పట్టాలి. బయట గాల్లో వస్తుంది, మొదటి అడుగు వెనక్కి పడాలి. నెత్తి మీదికి తిన్నగా వచ్చేది దగ్గర పడుతుందో దూరం పడుతుందో ఎవడికీ చప్పున తెలీదు. ఆ ఒక్క అడుగు మార్చుకోడానికి ఏడాది పడుతుంది. నీకు తెలుసు. తెలిసుండీ నన్ను…

ఆఁ, 'నువ్వు' అన్నాను. ఇంకోసారి కూడా అంటా. నువ్వు!

…

అరవకు. నాకేం చెవుడు లేదు. వాడి ఆట గురించి తెలుసుకోవాలా, వద్దా?…

అయితే విను. మొదటి రెండు రోజులూ నాలాగే. అడుగు ముందుకి, తర్వాత కంగారుగా వెనక్కి. తిన్నగా వెళ్లాల్సిన బంతికి ఊరు చుట్టి వెళ్లాడు. విసరడం కూడా భుజం కింద నుంచి, పక్కనున్న వాడికి అందించినట్టు. అలా విసిరితే బంతి, కొట్టేవాడు నిలబడే హోమ్ ప్లేట్ దాకా వచ్చేలోపు పక్కకి జారిపోతుంది. నాకు ఎంత సంతోషమేసిందో! రెండు పేజీలు రాసుకున్నా. దేవుడున్నాడనుకున్నా…

ఆఁ, సంతోషమే. సిగ్గెందుకు?

నాలుగో రోజుకి పైనుంచి విసురుతున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఆరో రోజు ఒకడు గట్టిగా బాదాడు. తిన్నగా వాడి నెత్తి మీద నుంచి పోయే బంతి. కర్ర తగిలీ తగలగానే ఆన్యెలో వెనక్కి తిరిగేశాడు. బంతికి వీపు పెట్టి పరుగు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. గోడకి రెండడుగులుందనగా చెయ్యి పైకెత్తాడు… బంతి వచ్చి చేతిలో కూచుంది.

…

నిజం చెప్తున్నా ప్లుతార్కో. చప్పట్లు కొట్టబోయి చేతులు తొడల కింద పెట్టుకున్నా. ఇది రాయకూడదనుకున్నా. పెన్ను పట్టుకుని గంట సేపు కూచున్నా. ఎవరు చూడొచ్చారు? నేను రాయకపోతే ఆ క్యాచ్ జరగనట్టే…

ఉండు. వదిలేసినవీ చెప్పనీ. పదకొండు రోజుల్లో ఏడు బంతులు కింద పడేశాడు. ఏడూ మూడో రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు. మిగతా ఎనిమిది రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎందుకంటావ్?…

ఎండ కాదు. గాలి కాదు. ఆ మూడు రోజులూ తెల్ల టోపీ పెట్టుకుని కంచె పట్టుకుని నిలబడ్డదెవరు? 'ముందుకి రా! ముందుకి రారా వెధవా!' అని గొంతు చించుకున్నదెవరు?

…

నువ్వే. నీ కేక వినబడితే చాలు, వాడి కాలు గాల్లోనే ఆగిపోతోంది. పిల్లాడు బంతిని చూడటం మానేసి నిన్ను చూస్తున్నాడు…

ప్రేమే కావచ్చు. నేను కాదన్లేదు. ఏడు బంతులు మాత్రం కింద పడ్డాయి.

…ఏం రాస్తానా? రాసేశా. నిన్న మధ్యాహ్నమే పంపేశా…

అవును, నిన్ననే. ఇంతసేపూ ఎందుకు మాట్లాడనిచ్చానా? నువ్వు బతిమాలుతుంటే ఎలా ఉంటుందో వినాలని. బాగుంది. అనుకున్నంత బాగా లేదు గానీ, బాగుంది.

చెప్తా, చెప్తా. 'ఈ కుర్రాణ్ణి ఉంచుకోండి. కాళ్లున్నాయి, చెయ్యి ఉంది, నేర్చుకునే బుర్ర ఉంది. పదకొండు రోజుల్లో ఇంతకంటే తేలదు. ఏడాది పూర్తిగా సెంటర్ ఫీల్డ్‌లోనే ఆడించండి'. అదీ రాసింది…

ఆగు, ఆగు. దణ్ణాలు తర్వాత. కింద ఇంకో లైనుంది. 'వీళ్ల తాతని ఆట జరిగేటప్పుడు గేటు దాటి లోపలికి రానివ్వద్దు'.

…

ఒప్పుకున్నారు. పొద్దున్నే కబురొచ్చింది. గేటు దగ్గర కాపలావాడికి నీ ఫొటో ఇచ్చేశారు…

పగేనా? పగే! నేనెందుకు దాచాలి? ఇరవై తొమ్మిదేళ్ల పగ. కానీ అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉంటే చూపించు. నువ్వు 'వాడికి కళ్లు లేవు' అన్నావే, అందులో ఒక్క అక్షరం నిజం ఉందేమో చూపించు…

ఆన్యెలోకా? తెలుసు. పంపేముందు వాడికే ఇచ్చా చదవమని. మెచ్చుకున్నదంతా గబగబా చదివేశాడు. ఆఖరి లైను దగ్గర ఆగిపోయాడు. నేను పెన్ను తీశా, వాడు కొట్టెయ్యమంటే కొట్టేసేవాణ్ణే. వాడు దాని మీద వేలు పెట్టి, 'ఇది మాత్రం ఉంచండి డాన్ నెరేయో' అన్నాడు…

అంతే. ఇంకేం అన్లేదు. కాగితం ఇచ్చేసి ప్రాక్టీసుకి వెళ్లిపోయాడు.

……

లైన్లో ఉన్నారా?…

ఏమిటీ?… బయట రోడ్డు మీద నుంచా?

కనబడదండీ. ఇద్దరు మనుషుల ఎత్తు గోడ అది. చప్పుడు మాత్రం వినబడుతుంది… పనికొస్తుంది, ఎందుకు పనికిరాదు? మీరు పంపేశాక ఊళ్లో స్టేడియం గోడ వెనకాల పంచర్ షాపు పెట్టుకున్నా. పన్నెండేళ్లు. ఒక్క ఆట చూళ్లేదు, అన్నీ విన్నా. కర్ర తగిలిన చప్పుడుని బట్టి బంతి ఎటు పోతోందో, ఎంత దూరంలో పడుతుందో పైకి చెప్పేవాణ్ణి. అది విన్న ఒకాయన టైరు మార్పించుకుని, నాకు ఈ ఉద్యోగం ఇప్పించాడు…

మొదట్లో ఏమీ తెలీదు. పిచ్చెక్కినట్టుంటుంది. ఓ రెండేళ్లకి చెవి కుదురుతుంది…

ఎనభై అయితే ఏం? మీకేం, గట్టివాళ్లు. పడమటి వైపు గోడ దగ్గర పొద్దున పూట కాస్త నీడుంటుంది. కూచోడానికి మాత్రం ఏమీ ఉండదు. ఓ కుర్చీ తెచ్చుకోండి డాన్ ప్లుతార్కో.

ఉంటా మరి.