తేదీ ఒక్కటి రాయి

వేరుశెనగ విత్తే అదునులో చేను వదిలేసి వచ్చిన రైతును చూసి, దవాఖానాలో సూదులు ఉడకబెడుతున్న కాంపౌండరు ఆశ్చర్యపోయాడు.

“అన్నా, నాకు ఆపరేషన్ చేసినట్లు చీటీ రాసియ్యి. పంచాయితీలో చూపియ్యల్ల.”

“ఏమప్పా, ఏమైంది?”

“పిల్లోళ్లు పుట్టకుండా చేస్తిరి గదా, దానికి నాలుగు నెలలాయ. నా పెండ్లాం వన్నూరమ్మకు ఇప్పుడు మూడో నెల.”

కాంపౌండరు చేతిలో పట్టకారు ఆగిపోయింది.

“ఆపరేషనైనాక ఆయమ్మ కాడికి ఎన్నాళ్లకు పోయినావు?”

“కుట్లిప్పిన వారానికి.”

“నరం కోసినా పాత బీజం లోపల మిగిలుంటాదప్పా. మూడు నెలలు ఎడంగా ఉండల్ల. ఆ బిడ్డ నీదే.”

“ఆ పొద్దు ఈ మాట చెప్పలేదే?”

ఆ రోజు ఆపరేషన్ల క్యాంపులో నలభై మంది. ఆ మాట ఒక్కొక్కరికీ చెప్పి పంపడం కాంపౌండరు పని. విసుగెత్తి ఎవరికీ చెప్పలేదు.

“ఆయమ్మ యాడుండాది?”

“పీర్ల పండగ నిప్పుల గుండంలో బూడిద పట్టుకోని ప్రమాణం చేసింది. నేను నమ్మలే. వాతలు పెట్టి ఎళ్లగొట్టినా. ఊరి బయట కళ్లంలో పడుండాది.”

“పోయి పిల్చుకోని రాప్పా!”

“పదిమందిలో దాన్ని లంజ అనేసినా. ఇప్పుడు తప్పు నాదంటే నా మీసానికి విలువేముండాది? నువ్వు చెప్పలేదని పెద్ద డాక్టరుకు నేను చెప్పనులే. చీటీ రాయి.”

“అబద్ధం రాయమంటావా?”

“అబద్ధమెందుకన్నా? తేదీ ఒక్కటి రాయి, చాలు. నెలలు పంచాయితీ వాళ్లే లెక్కేసుకుంటారు.”

కాంపౌండరు రిజిస్టరు తీశాడు. పొరపాటు రాకుండా రెండుసార్లు సరిచూసి తేదీ రాశాడు. ముద్ర చెదరకుండా నోటితో ఊది, ఆరాక ఇచ్చాడు.