బొటనవేలి మీద పన్నెండంతస్తులు

"ఆ పెట్టె మీద గ్లాసు పెట్టకండి బాబూ, అందులో నీళ్ళ ఒత్తిడి చూసే నా గేజీ ఉంది. దాంతోనే ఓ హోటల్ని కాపాడాను," అంటూ వాల్వులు పరీక్ష చేసే ఆయన టీ కొట్టు బల్ల మీద చోటు చేసుకున్నాడు.

కొట్టు నడిపే ఆవిడ టీ కలుపుతూ ఆయన్నే చూస్తోంది. వారం నుంచి ఎదురు బిల్డింగులో సగంమందికి కడుపులు బాగాలేవు. ఆమె టీకి నీళ్ళు పట్టేదీ ఆ బిల్డింగు కుళాయిలోనే. అయినా అక్కడి మేనేజరు, నీళ్ళ వాల్వు పరీక్షలో పాసైందని ఈయన సంతకంతో కార్డుంది, నీళ్ళకి వంక లేదు, తప్పంతా నీ గ్లాసులదే, శనివారానికల్లా కొట్టు ఎత్తెయ్యమన్నాడు.

"హోటల్లో ఏం చేశారేంటి?" అన్నాడు టీకి వచ్చిన ఆ బిల్డింగు వాచ్‌మన్.

"కింద లాండ్రీ, పైన పన్నెండంతస్తులు, అచ్చం మీ బిల్డింగులాగే. లాండ్రీ సబ్బునీళ్ళు తాగేనీళ్ళలోకి వెనక్కి రాకుండా ఆపేది ఈ వాల్వే కదా. పరీక్షంటే ముందు బిల్డింగు మొత్తానికీ నీళ్ళు ఆపేస్తాను. అరగంట చుక్క రాకూడదు. ఆపకుండా పాసని రాసేవాడు దొంగ. సరే, పిడి తిప్పాను, అది కాస్తా ఊడి చేతికొచ్చింది. గేజీ ముల్లు ఠక్కున పడిపోయింది. సరిగ్గా అప్పుడే వీధి చివర ఫైరింజను నీళ్ళు లాగడం మొదలెట్టింది. బిల్డింగులో నీళ్ళన్నీ వెనక్కి లగెత్తాయి. ఏం చెయ్యను? బొటనవేలు అడ్డం పెట్టాను."

"వేలా?" అన్నాడు పక్కన బండి పెట్టుకున్న ఇస్త్రీ ఆయన.

"వేలే. పన్నెండంతస్తుల నీళ్ళూ దీనిమీద నిలబడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుమ్మొచ్చింది. వేలు వెంట్రుకవాసి జరిగింది, అంతే. ఐదో అంతస్తులో స్నానం చేస్తున్నాయన ఒంటిమీది నీళ్ళు షవర్లోకి ఎక్కిపోయాయి. పాపం, పొడిపొడిగా సబ్బుతో నిలబడిపోయాడు. లాండ్రీలో ఉతికిన బట్టలకి మురికి తిరిగొచ్చింది."

"మళ్ళీ ఉతికింది మీరేనా?" అంది టీ కొట్టావిడ.

"నా వేలు ఖాళీ లేదు కదమ్మా. వినూ, ఊరవతల ఏరు వెనక్కి తిరిగి కొండెక్కింది. కురుస్తున్న వాన కురుస్తున్నట్టే మబ్బుల్లోకి లేచిపోయింది. జనం గొడుగులు తిరగేసి కాళ్ళ కింద పట్టుకున్నారు. ఇక లాభంలేదని రెండో బొటనవేలు కూడా పెట్టాను. ఏరు ఆగింది."

"అదేదో ముందే పెట్టాల్సింది," అని గొణిగాడు ఇస్త్రీ ఆయన.

టీ కొట్టావిడ పొయ్యి తగ్గించింది. "మా బిల్డింగులో కూడా ఇలాగే పరీక్ష చేశారా అన్నా?"

"కార్డు చూడలేదూ?"

"చూశాను. మంగళవారం, పది నుంచి పదిన్నర అని ఉంది. ఆ అరగంటా నీళ్ళు ఆపారా?"

"చుక్క రానిస్తే ఒట్టు."

"రోజూ పదింటికే నేను కుళాయి దగ్గర రెండు డ్రమ్ములు నింపుతాను. మంగళవారం కూడా నింపాను. ధార సన్నబడను కూడా లేదు."

ఆయన ఇస్త్రీ ఆయన వైపు తిరిగి నవ్వాడు. ఇస్త్రీ ఆయన నవ్వలేదు.

"నువ్వు పొరపాటు పడుంటావమ్మా. ఆడవాళ్ళకి ఈ పైపుల సంగతి..."

"పైపుల సంగతి నాకు తెలీదు. డ్రమ్ము నిండడం తెలుసు."

డ్రమ్ములోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఆయన ముందు పెట్టింది. అంచు చుట్టూ సన్నటి నురగ. "తాగండి."

ఆయన గ్లాసు వంక చూశాడు. చెయ్యి మాత్రం సంచిలో ఉన్న తన మంచినీళ్ళ సీసా వైపు పోయింది. ఆ చేతిని ముగ్గురూ చూశారు.

వాచ్‌మన్ లేచి పెట్టె తనే చేతికి తీసుకున్నాడు. "పదండి, వాల్వు గది తెరుస్తాను."

ఆవిడ పొయ్యి ఆర్పేసి కొంగు దోపింది. "నేను కుళాయి విప్పి దగ్గరే నిలబడతాను. ఈసారి నీళ్ళు ఆగాలి. ముల్లు ఎక్కడుంటే అదే కార్డు మీద రాయండి, మేనేజరుకి నేనే ఇస్తాను."

ఆయన నాలుగడుగులు వేశాక వెనకనుంచి మళ్ళీ పిలిచింది.

"వేలు మాత్రం పెట్టకండి."