కృష్ణమోహన్ ట్రక్కులోని పెట్టె

పిల్లలూ, ఇలా వచ్చి కూర్చోండి. కృష్ణమోహన్ అంకుల్ ట్రక్కు గాల్లోకి లేచిన కథ మీలో ఎవరికీ తెలియదు. అప్పటికి మీలో కొందరు కార్‌సీట్లలో నిద్రపోతున్నారు, కొందరు ఇంకా పుట్టనే లేదు. పెద్దవాళ్లకు తెలుసు కాని చెప్పరు, చెబితే వాళ్ల సంగతులూ బయటికొస్తాయి. నేను చెబుతాను, వినండి.

మన ఊరు నేపర్‌విల్‌లోనే, సెప్టెంబరు నెల, శనివారం మధ్యాహ్నం. కృష్ణమోహన్ వాళ్ల గరాజ్ తలుపు ఎత్తి ఉంది. ఇంటికి నూనె వాసన పట్టకూడదని జయంతి గరాజ్‌లోనే పొయ్యి పెట్టి మిరపకాయ బజ్జీలు వేస్తోంది. మడతకుర్చీల్లో పదిమంది. బయట డ్రైవ్‌వేలో కృష్ణమోహన్ కొత్త ట్రక్కు, ముందు సీట్లూ వెనక తొట్టీ ఉన్న సొంత బండి, నల్లగా, గున్న ఏనుగంత.

చివరి కుర్చీలో దివాకర్. స్కూలు నుంచి వచ్చిన ప్రతి ఈమెయిల్‌నీ కింద సంతకం దాకా చదివే మనిషి. వారానికి రెండు రోజులు నారింజరంగు జాకెట్ వేసుకుని స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించేవాడు. ఆ సంగతి అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కృష్ణమోహన్ నోరు తెరిస్తే మాత్రం కుర్చీలు దగ్గరికి జరిగేవి. అదొక్కటే అయితే దివాకర్ ఓర్చుకునేవాడేమో. అతని కూతురు అవనికి పదకొండేళ్లు. రోజూ స్కూలుకి ఆ ట్రక్కులోనే వెళ్లేది, కృష్ణమోహన్ కూతురు దియతో కలిసి. "నేను దింపుతానమ్మా" అని పొద్దున్నే దివాకర్ తాళాలు పట్టుకుని నిలబడితే, "నో నాన్నా, అంకుల్ ఫన్నీ" అని పరిగెత్తేది. దివాకర్ తన పాత కరోలా కారులో ఆ ట్రక్కు వెనకే ఆఫీసుకి బయల్దేరేవాడు. వెనక అద్దంలోంచి అవని నవ్వడం కనిపించేది. ఎందుకు నవ్వుతోందో తెలిసేది కాదు.

ఆ నెల మొదట్లోనే స్కూలు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా తుపాకితో స్కూలు పార్కింగ్‌కి వస్తే, అది బండి దాటకూడదు. కంటికి కనిపించకుండా, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. బండికీ తాళం వేయాలి. ఆ ఉత్తరాన్ని దివాకర్ మూడుసార్లు చదివాడు. కృష్ణమోహన్ దాన్ని కథ చేశాడు.

"పెద్ద విషయం ఏం కాదులే," అని మొదలుపెట్టాడు బజ్జీ విరుస్తూ. "మన జాగ్రత్తకి చిన్న తుపాకి ఒకటి తీసుకున్నా. రూల్ ప్రకారం ట్రక్కులో సీటు కింద ఉక్కు పెట్టె పెట్టా. మంగళవారం పిల్లల్ని తెచ్చుకునే పికప్ లైన్లో ఉంటే సెక్యూరిటీ ఆయన వచ్చి, సార్, ఇలాంటి పెట్టె నేనెక్కడా చూడలేదన్నాడు. అంతే."

"కనిపించకుండా ఉండాలి కదా, ఆయనకెలా కనిపించింది?" అన్నాడు దివాకర్. ఎవరూ పట్టించుకోలేదు.

"గంతేనా అన్నా?" అన్నాడు అఖిల్. జెర్సీ సిటీ నుంచి ఈ మధ్యే ట్రాన్స్‌ఫరై వచ్చిన ఇంజినీరు. అప్పటికే ఫోన్ ఎత్తి రికార్డు చేస్తున్నాడు.

"అంతే అని నేనూ అనుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన వెళ్లి ప్రిన్సిపల్‌కి చెప్పాడు. ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చి, మా టీచర్లందరికీ ఒకసారి చూపించండి అంది. మామూలు పెట్టె కాదు మరి. నంబరు కొట్టాలి, వేలు పెట్టాలి, అదీ చాలదు, నా గుండె చప్పుడు వింటుంది. నేను నెమ్మదిగా ఉంటేనే తెరుచుకుంటుంది. కోపంగా ఉన్నానా, మొండికేస్తుంది. పోయిన వారం జయంతితో మాటా మాటా వచ్చి రెండు రోజులు తెరవలేకపోయా."

"రెండా? నాలుగు!" అంది జయంతి పొయ్యి దగ్గర్నుంచి. అందరూ గొల్లుమన్నారు.

"పోలీసు చీఫ్ నమ్మలేదు. నలుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు, ఒక్కొక్కడు ఈ గరాజ్ తలుపంత. గునపాలు వేశారు. గునపాలే వంకర్లు తిరిగాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ స్టేషన్లో గోడకి తగిలించి ఉంది, కింద నా పేరు రాసి."

"పేరు స్పెల్లింగ్ మంచిగ రాసిన్రా అన్నా?" అన్నాడు అఖిల్.

"ఇంటిపేరుతో కలిపి ఇరవై రెండక్షరాలు. ఒక్కటి తప్పు పోలేదు. పెట్టె కన్నా అది వింత కాదూ!"

అవని ట్రక్కు టైరుకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. దివాకర్ అటే చూస్తున్నాడు. తను చెప్పిన ఏ మాటకీ ఆ పిల్ల అంత నవ్వలేదు, సగం కూడా నవ్వలేదు. చేతిలో బజ్జీ చల్లారిపోయింది.

"ఇదంతా ఏముంది, గురువారం గాలివాన సంగతి వినండి. పికప్ లైన్లో ఉన్నా. టోర్నడో వచ్చి ట్రక్కుని లేపింది, నాతో సహా, పెట్టెతో సహా, నూట యాభై అడుగులు. భయపడ్డానా? లేదు. నాకొకటే ఆలోచన. గేరు పార్కింగ్‌లోనే ఉంది, తాళాలు వేసే ఉన్నాయి, కాని బండి ఇప్పుడు స్కూలు ఆవరణలో ఉన్నట్టా, లేనట్టా? గాల్లోంచే స్కూలువాళ్ల లాయర్‌కి ఫోన్ చేశా. ఆయన ఏమడిగాడో తెలుసా? సార్, ఎంత ఎత్తులో ఉన్నారు? చెప్పా. పుస్తకాలు తిరగేసి, నూట అరవై మాత్రం దాటకండి, దాటితే విమానాలవాళ్ల కిందికి పోతారు, మా రూలు వర్తించదన్నాడు. ఇంకేం, స్టీరింగ్ బిగబట్టి, బ్రేకు తొక్కి, నూట యాభై దగ్గరే ఆపేశా. పది నిమిషాలు! తర్వాత మెల్లగా దిగి, సరిగ్గా రెండు తెల్లగీతల మధ్య. గీత మీద టైరు పడితే ఒట్టు. ఏమ్మా దియా?"

"గురువారం నువ్వు లేట్‌గా వచ్చావు డాడీ," అంది దియ.

"దిగడానికి టైం పట్టదా మరి! నిన్న వాషింగ్టన్ నుంచి ఫోన్. దేశమంతటికీ చట్టం రాస్తారట, దానికి నా పేరు పెడతారట. వద్దన్నా. ఇరవై రెండక్షరాలు, పాపం జడ్జీలు ఎక్కడ పలుకుతారు!"

గరాజ్ అంతా నవ్వులు. దివాకర్ ఒక్కడే ఇంకా మొదటి మాట దగ్గరే ఉన్నాడు. సీటు కింద అన్నాడు. ఏ సీటు కింద? అవని కూర్చునే సీటు కిందా? అడగాలని ఉంది. అడిగితే కుళ్ళు అంటారు. కుళ్ళు లేదా అంటే, ఉంది. భయమూ ఉంది. ఏది ఎంతో అతనికే తెలియదు. పదిమందిలో స్నేహితుణ్ణి పట్టుకుని నీ బండిలో తుపాకి ఉందా అని ఎలా అడుగుతాం? అయినా లేచి నిలబడ్డాడు.

"కృష్ణమోహన్ గారూ, సోమవారం పొద్దున మా అవని మీ ట్రక్కు ఎక్కుతుంది. అందులో తుపాకి ఉందా, లేదా?"

నవ్వులు ఆగిపోయాయి.

"ఏంటి దివాకర్, కుళ్ళా?"

"కుళ్ళే. మీరు చెబితే అందరూ నవ్వుతారు. నేను చెబితే మా అమ్మాయి కూడా వినదు. కుళ్ళుకోకుండా ఎలా ఉంటాను? అది పక్కన పెట్టండి. తుపాకి ఉందా?"

కృష్ణమోహన్ చుట్టూ చూశాడు. అందరి కళ్లూ తన మీదే. నూట యాభై అడుగుల మీంచి దిగినవాడు ఇక్కణ్ణుంచి దిగలేకపోయాడు.

"ఉంది," అన్నాడు.

"అయితే సోమవారం నుంచి అవని నాతో వస్తుంది."

"నాన్నా! నో!" అవని ఎర్రబడ్డ ముఖంతో లేచింది. ఆ చూపు దివాకర్ తట్టుకోలేకపోయాడు. కాని కూర్చోలేదు.

అప్పుడు ఉమామహేశ్వరి టీ కప్పు కింద పెట్టింది. దగ్గరే ఉన్న షామ్‌బర్గ్‌లో వీసాల లాయరు దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. అందరికీ ఉమక్క.

"మోహన్, నీది ఇంకా హెచ్-వన్ వీసానే కదా?"

"అవునక్కా."

"హెచ్-వన్ మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకి ఉంచుకోకూడదు. వేట లైసెన్సులాంటిది ఉంటే వేరే సంగతి. ఉందా?"

"ఆ... అంటే... అప్పుడప్పుడు జింకలకి..."

"నువ్వా! మొన్న మా ఇంట్లో కేకులో గుడ్డు వేశారా అని మూడుసార్లు అడిగినవాడివి, జింకని కొడతావా? సరే, ఇక మిగిలింది రెండే. తుపాకి అబద్ధమన్నా కావాలి, లేదా ఇంతమందిలో నేరం ఒప్పుకున్నట్టన్నా కావాలి. అఖిల్ రికార్డు కూడా చేస్తున్నాడు. ఏదో నువ్వే చెప్పు."

కృష్ణమోహన్ అఖిల్ ఫోన్‌కి చేయి అడ్డం పెట్టాడు. "అఖిల్, ముందది డిలీట్ చెయ్యి నాయనా! తుపాకీ లేదు, ఏమీ లేదు. పెట్టె ఒక్కటే ఉంది."

"తుపాకి లేనివాడికి పెట్టె ఎందుకురా?" అంది ఉమక్క.

"ఆ ఉత్తరం చూసి భయమేసిందక్కా. జనవరిలో వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లాలి. ఈలోగా ఎవరైనా బండి ఆపి పెట్టె ఏదీ అంటే? తుపాకి లేదంటే నమ్ముతారో లేదో. పెట్టె చూపిస్తే, వీడు రూల్స్ పాటించేవాడే అనుకుంటారు కదా అని..."

వెంటనే ఎవరూ నవ్వలేదు. ఆ భయం ఆ గరాజ్‌లో అందరి ఇళ్లలోనూ ఉంది. దివాకర్ కూడా అదే ఉత్తరం చూసి, బండిలో ఉన్న కూరగాయల చాకు తీసి ఇంట్లో పెట్టాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అయినా అతను వదల్లేదు. "తెరిచి చూపించండి."

"తెరవలేను. కొన్న రోజే నంబరు పెట్టి మూశా. ఏం నంబరు పెట్టానో మర్చిపోయా."

"తాళంచెవి?"

జయంతి వెళ్లి ట్రక్కులోంచి పెట్టె తెచ్చి దివాకర్ చేతుల్లో పెట్టింది. తేలిగ్గా ఉంది. "ఊపి చూడండి అన్నయ్యా," అంది. ఊపాడు. లోపల గలగలమంది.

"రెండు తాళంచెవులు. కవర్లో పెట్టి లోపలే ఇచ్చారు. ఈయన తీయకుండానే మూసేశారు."

ఇక గరాజ్ కప్పు లేచిపోయింది. పెట్టె చేతులు మారింది, అందరూ ఊపేవాళ్లే. కృష్ణమోహన్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అవని అతని పక్కకి చేరి, "అంకుల్, మళ్లీ చెప్పు, లాయర్ ఏమన్నాడు?" అంది. ఇంత జరిగినా ఆ నవ్వు కృష్ణమోహన్‌కే దక్కింది. దివాకర్‌కి మళ్లీ కుళ్ళు పుట్టింది. సోమవారం అవని ట్రక్కే ఎక్కింది. అతను ఆపలేదు.

అక్టోబరులో అవని కొత్త స్నేహితురాలి ఇంటికి పుట్టినరోజుకి వెళ్లింది. దివాకర్ దింపి, కారులోనే అద్దం దించుకుని ఆగాడు. తలుపు తీసిన స్నేహితురాలి తల్లిని అవని గుమ్మంలోనే నిలబడి అడిగింది: మీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే ఎక్కడ పెట్టారు, తాళం ఎవరి దగ్గర ఉంది? ఆవిడ, మేడమీద ఇనప్పెట్టెలో ఉందని, తాళంచెవి తన మెడలోనే ఉందని తీసి చూపించింది. అప్పుడు అవని వెనక్కి తిరిగి, కారు వైపు చూసి, తండ్రికి తల ఊపి లోపలికి వెళ్లింది. దివాకర్ కూడా తల ఊపి కారు స్టార్ట్ చేశాడు.

అదీ కథ. మీ తర్వాతివాళ్లకి మీరు చెప్పండి. ట్రక్కు ఎంత ఎత్తు లేచిందో మీ ఇష్టం, మూడొందల అడుగులు చేసినా కృష్ణమోహన్ అంకుల్ ఏమీ అనుకోడు. గుమ్మంలో అవని అడిగింది మాత్రం ఒక్క మాట తగ్గించకుండా చెప్పండి. ఎవరి ఇంటికి వెళ్లినా, ఎవరి బండి ఎక్కినా, ముందు అదడగమని చెప్పండి.