కుప్ప మీద రెండు దెబ్బలు

పామిడి అవతల చేనిలో పీకిన శెనక్కాయ చెట్లు కుప్పలుగా ఎండుతున్నాయి. ప్రమోషన్ రాలేదన్న దిగులును డాక్టరమ్మ పట్నం నుంచి అవ్వ దగ్గరికే మోసుకొచ్చింది.

“పాముకాటు మింద ఏందో రాసినావంటివే. అది సాలదా?”

“రాస్తే సాలదవ్వా. వేరే డాక్టర్లు వాళ్ల రాతల్లో నా పేరు ఎన్నిసార్లు ఎత్తినారో లెక్క చూస్తారు.”

“ఎంతమంది ఎత్తినారు?”

“ముగ్గురు. అందులో ఒకదాన్ని నేనే.”

“అంతేనా! నన్ను తిట్టేటోళ్లే అంతకన్నా ఎక్కువుండారు కదే.”

మనవరాలికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

“వజ్రకరూరు పక్క పల్లెలన్నీ తిరిగి రాసినానవ్వా. ఎవురికీ పనికిరాలేదు.”

“పోనీలేమ్మా. రా, సద్ది తిందాం.”

“ఈ కుప్ప ఎత్తేసి వస్తా.”

ధ్యాస ఎక్కడో పెట్టుకుని ఆమె వంగి, కుప్ప కిందికి చేతులు పోనివ్వబోయింది.

“ఆగు! చెయ్యి తియ్! ముందు కట్టెతో రెండు దెబ్బలు కొట్టు. అడుగున పాముంటే పోతాది. అంత సదివినావు, ఇది తెలీదా?”

ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి. ఊరూరా తిరిగి తను చెప్పిన మాట, తన వ్యాసంలో చివరి మాట అదే.

“నీకెవరు చెప్పినారవ్వా?”

“వజ్రకరూరు నుంచి కూలికొచ్చే ఆడోళ్లు. ఇప్పుడు ఈ పక్క అందరమూ కొడతాం. మొన్నటి కోతల్లో ఒక్కరినీ పాము కరవలేదు.”

“వాళ్లకెవరు చెప్పినారంట?”

“ఎవురికి తెలుసు? ఎవురో మహాతల్లి, సల్లగుండనీ. ఏమే, ఏడుస్తాండావా?”

“లేదవ్వా. ఇంకోసారి చెప్పు.”